‘రిపోర్టులో ఏమీ లేదు’ అన్న మాట మా ఊరికి చేరేసరికి ఏమవుతుందో

పోస్టు పెద్దదే. స్టడీ అవర్ అయ్యాక మూడు రాత్రులు కూర్చుని రాశా. తీరిక ఉన్నప్పుడు చదవండి, సగం చదివి కామెంట్ పెట్టకండి.

చెప్పాల్సింది ముందే చెప్పేస్తా. జబ్బు ఉండి, దానికి పేరు దొరకని మనుషులు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. ఆ పేరు దొరక్కపోతే నష్టం ఆ ఒక్క మనిషితో ఆగదు. పక్కింటి మీదకి పోతుంది. ఒక్కోసారి ప్రాణం మీదకి పోతుంది. అందుకే డాక్టర్ చీటీ మీద ఏం రాస్తారు, దాన్ని మనం ఊళ్లో ఎలా చదివి చెప్తాం అనేది చిన్న విషయం కాదని నా అభిప్రాయం.

నా సంగతి. ఇంటర్ సెకండియర్ నుంచి, అంటే రెండేళ్లు దాటింది. ఎడం చెయ్యి, రెండు పాదాలు తిమ్మిరెక్కుతాయి. రాత్రి పడుకుంటే పాదాల్లో చీమలు పాకినట్టు ఉంటది. ఇది ఒకటి. రెండోది, ఉన్నట్టుండి కాసేపు నేను ఉండను. కళ్లు తెరిచే ఉంటాయంట, పెదాలు ఏదో నములుతున్నట్టు కదుల్తాయంట, పిలిస్తే పలకనంట. ఇవన్నీ రూమ్మేట్లు చెప్తేనే నాకు తెలిసింది. నిమిషం కూడా ఉండదు. తర్వాత తలనొప్పి, నిద్ర. రెండుసార్లు పడిపోయా కూడా, ఒకసారి హాస్టల్ బాత్రూంలో, ఒకసారి సంతలో. క్లాసులో తెలిసిన మాట నోటికి రాదు. సార్ అడుగుతారు, జవాబు తలలో ఉంటది, మాట దొరకదు.

పీహెచ్‌సీ అయింది, ఏరియా ఆసుపత్రి అయింది, అక్కడ్నుంచి రాసిస్తే కొండ దిగి పెద్దాసుపత్రికి పోయాం. పోను ఒక రోజు, రాను ఒక రోజు, నాన్నకి కూలి పోయింది. సీటీ స్కాన్ తీశారు, ఈఈజీ తీశారు, రక్తం తీశారు. రక్తం తక్కువ, 9.2. సికిల్ సెల్ టెస్టులో ఏఎస్ అని వచ్చింది, అంటే జబ్బు కాదు, ఒక జన్యువు మోస్తున్నానని మాత్రమే. మిగతావన్నీ నార్మల్. ‘ఏమీ లేదమ్మా, టెన్షన్ పడకు, బాగా తిను’ అన్నారు. ఆ డాక్టర్ చెడ్డవారని నేను అనట్లేదు. వెనక క్యూలో వందమంది ఉన్నారు. కానీ ఆ మాట ఊరికి ఎలా వచ్చిందో వినండి.

నాన్న ఊళ్లో చెప్పాడు, రిపోర్టులో ఏమీ లేదంట అని. పట్నంలో చదువుకున్నోళ్లు ఆ మాట వింటే ‘హమ్మయ్య’ అంటారు. మా ఊళ్లో అలా వినరు. ‘అంత పెద్ద మిషన్‌కి కూడా కనబడలేదంటే అది జబ్బు కాదు, ఎవరో చేసింది’ అంటారు. అంటే చిల్లంగి. మాట అక్కడిదాకా వచ్చాక తర్వాత ప్రశ్న ఒకటే, ఎవరు చేశారు?

వేలు ఎప్పుడూ ఎవరి వైపు చూపిస్తారో మీకు తెలుసు. ఒంటరిగా ఉన్న ముసలామె, మొగుడు పోయినామె, కొడుకులు ఇటుక బట్టీలకి పోయినామె. మా వీధి చివర ఉన్న ఆమె వరసకి నాకు మామ్మ అవుద్ది. చిన్నప్పుడు అమ్మ పోడుకి పోతే నన్ను చూసుకుంది ఆమే. ఇప్పుడు ఆమె కొళాయి దగ్గరికి వస్తే మిగతావాళ్లు బిందెలు తీసుకుని పక్కకి జరుగుతున్నారు. పసుపు తవ్వే పనికి ఆమెని పిలవట్లేదు. ఇంకా ఎవరూ చెయ్యి ఎత్తలేదు. ఇంకా అనే మాట రాస్తుంటేనే నాకు భయంగా ఉంది, ఎందుకంటే చిల్లంగి పేరుతో మన ఏజెన్సీలో మనుషుల్ని చంపిన వార్తలు మనందరం చదివినవే. పక్కనున్న ఒడిశా ఇలాంటివాటి మీద 2013లోనే ప్రత్యేక చట్టం చేసింది. జార్ఖండ్ 2001లో, బిహార్ 1999లో చేశాయి. చట్టం ఉన్నా ఆగలేదని మీరు అనొచ్చు. నిజమే. కానీ కేసు పెట్టడానికి వెళ్లినప్పుడు చేతిలో ఒక సెక్షన్ ఉండటం వేరు.

దీనికి దిసారిని తిట్టడం నాకు ఇష్టం లేదు. పీహెచ్‌సీకి తాళం వేసి ఉన్న రాత్రి మా ఇంటికి వచ్చింది ఆయనే. కూర్చుని అరగంట మా అమ్మ మాట విన్నది కూడా ఆయనే. ఓపీలో మాకు దొరికింది రెండు నిమిషాలు. అమ్మకి కువి వచ్చినంత బాగా తెలుగు రాదు. ‘జివ్వుమంటుందా, మొద్దుబారిందా, మంటా’ అని డాక్టర్ గబగబా అడిగితే మూడింటికీ తలూపింది. ఆకులు, వేర్ల మీద మనవాళ్లకి ఉన్న తెలివిని నేను తీసిపారెయ్యను. నా గొడవ ఒక్క ప్రశ్నతోనే. ‘ఏం జరిగింది’ అని అడగాల్సిన చోట ‘ఎవరు చేశారు’ అని అడుగుతున్నాం.

ఇప్పుడు ‘నార్మల్’ సంగతి. దీని మీద నేను చాలా చదివా. ఇంగ్లీషు పేజీ ఒకటి అర్థం కావడానికి డిక్షనరీ పెట్టుకుని రెండు రాత్రులు పట్టేది. పరెస్తీసియా అని ఒక మాట చూసి గుండె ఆగినంత పనైంది, తీరా చూస్తే తిమ్మిరి! అదలా ఉంచండి. మామూలు ఈఈజీ ఇరవై, ముప్పై నిమిషాలు తీస్తారు. ఆ అరగంటలో మెదడులో కరెంటు ఎలా ఉందో అదే చూపిస్తది. మూర్ఛ ఉన్నవాళ్లలో కూడా చాలామందికి మొదటిసారి తీసిన ఈఈజీ నార్మల్‌గానే వస్తది. కొండ మీద అరగంట కెమెరా పెట్టి, ఎలుగుబంటి కనబడలేదు కాబట్టి ఈ కొండలో ఎలుగులే లేవు అంటే మనం ఒప్పుకుంటామా? అందుకే నిద్ర తగ్గించి మళ్లీ తీస్తారు, లేదా వీడియోతో పాటు గంటల తరబడి తీస్తారు. సీటీ కూడా అంతే. రక్తస్రావం, పెద్ద గడ్డ అయితే చూపిస్తది. చిన్న మచ్చలు ఎంఆర్‌ఐలోనే తేలేవి ఉంటాయి. ఇక పాదాల తిమ్మిరికి తల స్కాన్ ఒక్కటీ సరిపోదు. నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతుందో చూసే పరీక్ష వేరే ఉంది. రక్తంలో బీ12, షుగర్, థైరాయిడ్ చూడాలి. ఇవేవీ నాకు ఇంకా చెయ్యలేదు. అంటే నా రిపోర్టుల అర్థం ‘ఏమీ లేదు’ కాదు. ‘చూసిన చోట కనబడలేదు’ అని.

ఆ ఒక్క వాక్యం చీటీ మీద తెలుగులో రాసిస్తే చాలు అనిపిస్తుంది నాకు. ‘కారణం ఇంకా తేలలేదు. మళ్లీ పరీక్షలు చెయ్యాలి.’ మా ఊళ్లో దాన్ని నేను పైకి చదివి వినిపించగలను. డాక్టర్లకి కూడా తెలియని జబ్బులు ఉన్నాయి, వాటికి ఇడియోపతిక్ అని ఒక మాట పెట్టుకున్నారు, కారణం తెలియనిది అని అర్థం. మనం తెలియనిదానికి చిల్లంగి అని పేరు పెట్టాం. తేడా ఏంటంటే ఇడియోపతిక్ అన్నందుకు ఎవరూ ఏ ముసలామెనీ చెట్టుకి కట్టరు.

మన ప్రాంతంలో ఇలాంటి లక్షణాలకి ఏమేం కారణాలు ఉండొచ్చో నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. నేను డాక్టర్‌ని కాదు, బీఎస్సీ సెకండియర్. ఇవి చదివి ఎవరూ సొంతంగా మందులు వాడొద్దు. అడగడానికి ప్రశ్నలు కావాలి కదా, అందుకే రాస్తున్నా.

బీ12 సంగతి అందరికీ పనికొస్తది. ఇది మాంసం, చేపలు, గుడ్లు, పాలలో ఉంటది, ఆకుకూరల్లో, రాగుల్లో ఉండదు. మన హాస్టల్ పళ్లెం చూస్కోండి. గుడ్డు ఏ రోజు ఉంటదో, పాలల్లో నీళ్లు ఎంతో మీకే తెలుసు. బీ12 బాగా తగ్గితే పాదాల తిమ్మిరి, నడకలో తూలడం, మతిమరుపు, రక్తం తక్కువ అవడం అన్నీ రావచ్చు. ఇంజెక్షన్లతో బాగయ్యే జబ్బు ఇది. కానీ ఏళ్లు వదిలేస్తే నరాలకి జరిగిన నష్టం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఇంకో విషయం చదివి ఆశ్చర్యపోయా. మనకి వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంటది. ఫోలిక్ యాసిడ్ వల్ల బీ12 లోపంతో వచ్చే రక్తహీనత సర్దుకున్నట్టు కనబడొచ్చు, నరాల దెబ్బ మాత్రం లోపల నడుస్తూనే ఉంటది. మాత్ర మానెయ్యమని కాదు, మానొద్దు. తిమ్మిరి ఉన్నోళ్లకి బీ12 కూడా చూడమని అడగండి అంటున్నా.

మెదడులో బద్దెపురుగు గుడ్ల వల్ల వచ్చే తిత్తులు ఇంకొకటి. మన దేశంలో ఫిట్స్‌కి ఇది పెద్ద కారణం. పంది మాంసం తినేవాళ్లకే వస్తదని చాలామంది అనుకుంటారు, మన మీద జోకులు కూడా వేస్తారు. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే పేగులో పురుగు పెరుగుద్ది. కానీ మెదడుకి పోయేది ఆ పురుగు ఉన్న మనిషి మలంలోంచి వచ్చే గుడ్లు. అవి నీళ్ల ద్వారా, కడగని చేతుల ద్వారా, పచ్చి కూరగాయల ద్వారా నోట్లోకి పోతాయి. జన్మలో మాంసం ముట్టనోడికి కూడా వస్తది. కాబట్టి దీని మూలం మరుగుదొడ్డి, మంచినీళ్లు. ఊటగెడ్డ నీళ్లు తాగే ఊళ్లకి పైపు వెయ్యనోళ్లు మన తిండిని వెక్కిరించడం ఏంటో!

చర్మం మీద పాలిపోయిన మచ్చ, ఆ చోట గిల్లినా తెలియకపోవడం, మోచేతి దగ్గర నరం లావెక్కడం ఉంటే కుష్ఠు చూపించుకోవాలి. పేరు వినగానే భయపడి దాచేస్తారు. మందు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడాలి, పూర్తిగా తగ్గుద్ది. మెదడుకి ఎక్కిన మలేరియా చిన్నప్పుడు వచ్చి బతికినవాళ్లలో కొందరికి తర్వాత ఫిట్స్ మిగులుతాయి. ఆశ్రమ స్కూల్లో మనతో చదివినవాళ్లని గుర్తు చేసుకోండి. సికిల్ సెల్ జబ్బే ఉన్నవాళ్లకి, అంటే ఎస్ఎస్ వచ్చినవాళ్లకి, చిన్న వయసులోనే పక్షవాతం రావచ్చు. నాలాంటి ఏఎస్ వాళ్లకి మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, కానీ పెళ్లప్పుడు అవతలివాళ్లకీ టెస్ట్ చేయించాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చెయ్యాలని లక్ష్యం పెట్టుకున్నారు. మీ హాస్టల్‌కి వచ్చారా? కార్డు ఇచ్చారా? రాకపోతే అడగండి.

పురుగుమందుల గురించి ఏలూరు గుర్తు చేస్తా. 2020 డిసెంబర్ 5న మొదలై, కొన్ని రోజుల్లోనే 600 మందికి పైగా ఉన్నట్టుండి పడిపోయారు. ఫిట్స్, నోట్లో నురగ, మతి తప్పడం. ఎయిమ్స్ వాళ్లు రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. తర్వాత నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపించారు. ఎయిమ్స్, ఎన్ఐఎన్, సీసీఎంబీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అందరూ వారంలో దిగిపోయారు. దిగాల్సిందే, మంచిదే. కానీ ఒకే పట్నంలో ఒకేసారి ఇంతమంది పడ్డారు కాబట్టి దిగారు. మన దగ్గర ఒక్కో కొండ మీద ఒక్కొక్కరు, ఒక్కో ఏడాది పడతారు. వాళ్లని ఎవరు లెక్కపెడతారు? మనమే లెక్కపెట్టాలి అనిపించి ఈ పోస్టు రాస్తున్నా.

వెతుకుతుంటే పాపువా న్యూ గినీలోని ఫోరే అనే ఆదివాసుల కథ దొరికింది. 1950ల్లో వాళ్లలో వణుకుతో మొదలై, నడక పోయి, ఏడాది లోపే చనిపోయే జబ్బు ఉండేది. కురు అనేవారు. ఏడాదికి 200 మంది దాకా పోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. చేతబడి అనే వాళ్లూ నమ్మారు, ఒకరినొకరు అనుమానించుకున్నారు. 1960ల మొదట్లో షిర్లీ లిండెన్‌బామ్, రాబర్ట్ గ్లాస్ అనే ఇద్దరు మానవ శాస్త్రవేత్తలు వాళ్ల మధ్య ఉండి, ఈ జబ్బు మీ ఊళ్లో మొదట ఎవరికి, ఎప్పుడు వచ్చింది అని పెద్దవాళ్లని అడుగుతూ పోయారు. చనిపోయిన తమవాళ్ల మీద ప్రేమతో వాళ్ల శరీరాన్ని తినే అంత్యక్రియ ఆచారంతోనే జబ్బు వ్యాపించిందని దానితో తేలుతూ వచ్చింది. అప్పటికే ఆ ఆచారం ఆగిపోతోంది, జబ్బు కూడా మెల్లగా తగ్గిపోయింది. కురు మీద పనికి 1976లో గజ్డుసెక్‌కి నోబెల్ వచ్చింది. యూట్యూబ్‌లో దీన్ని ‘మనుషుల్ని తినే జాతి’ అని ఎర్ర అక్షరాలతో పెడతారు, చూస్తే ఒళ్లు మండుతుంది. నాకు అందులో కనబడింది వేరు. కారణం మిషన్ ఒక్కటే పట్టలేదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని ఊళ్లో పెద్దోళ్లు గుర్తుపెట్టుకుని చెప్పిన మాటలు పట్టాయి.

‘టెన్షన్’ గురించి కూడా మాట్లాడాలి, ముఖ్యంగా అమ్మాయిలకి. నాకు ఇప్పటిదాకా ముగ్గురు చెప్పారు ఈ మాట. ఒకరైతే పెళ్లి చేస్తే తగ్గిపోద్దన్నారు. మెదడు నిర్మాణంలో ఏ దెబ్బా లేకుండా, అది పనిచేసే తీరులో తేడా వచ్చి కాళ్లు చచ్చుబడటం, ఫిట్స్ లాంటివి రావడం నిజంగా ఉంది. దానికి ఫంక్షనల్ న్యూరోలాజికల్ డిజార్డర్ అని పేరు, చికిత్స కూడా ఉంది. అది నటన కాదు. నాది అదే అయినా నాకు సిగ్గేం లేదు. కానీ దాన్ని కూడా పరీక్ష చేసి, గుర్తులు చూసి తేల్చాలి. మిగతావేవీ చూడకుండా ఇంటికి పంపడానికి వాడే మాట కాకూడదు. ఇక పెళ్లి గురించి, మూర్ఛ ఉందన్న కారణాన్ని హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. అసలు ఆ చట్టం ఎస్టీలకి నేరుగా వర్తించదనుకోండి, అది వేరే పోస్టు.

కాలేజీలో ఇంకో చిక్కు. 75 శాతం హాజరు. మెడికల్ సర్టిఫికెట్ పెట్టమంటారు, సర్టిఫికెట్‌లో జబ్బు పేరు ఉండాలంటారు. పేరు లేదు కాబట్టి సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేదు కాబట్టి ఆబ్సెంట్. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి, దీర్ఘకాలిక నరాల జబ్బులు ఉన్నాయి, సికిల్ సెల్ కూడా ఉంది. అన్నింటికీ ముందు నిర్ధారణ కావాలి. నిర్ధారణ కోసం తిరిగే రెండు మూడేళ్లలో విద్యార్థి ఏం కావాలో ఎవరూ రాయలేదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి తలనొప్పి, చూపు మసకతో ఇలాగే చదువు ఆపేసి ఊరికి పోయింది. నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ‘పరీక్షలు జరుగుతున్నాయి’ అని ప్రభుత్వ డాక్టర్ రాసిస్తే, ఆసుపత్రికి పోయిన రోజులు హాజరుగా లెక్కించాలి. హాస్టల్‌లో ప్రతి ఒక్కరికీ ఒక హెల్త్ పుస్తకం ఉండాలి, ఏ డాక్టర్ దగ్గరికి పోయినా అందులోనే రాయాలి. ఇప్పుడు ప్రతిసారీ తెల్లకాగితం మీద మొదట్నుంచి మొదలవుతుంది.

అది వచ్చేలోపు మనం చెయ్యగలిగినవి ఉన్నాయి. నేను నోట్‌బుక్‌లో తేదీ, టైం, ముందు రోజు నిద్ర, తిన్నది, నెలసరి, ఎంతసేపు ఉంది అని రాస్తున్నా. ఐదు నెలల్లో 14 సార్లు వచ్చింది, అందులో 9 నిద్ర తక్కువైన మర్నాడే. ఇది ఏ మిషనూ చెప్పలేదు. మా రూమ్మేట్ ఒకసారి ఫోన్‌లో వీడియో తీసింది, నేనే తియ్యమని చెప్పా. చూడటానికి బాగోదు, కానీ డాక్టర్‌కి అది వంద మాటల కంటే పనికొస్తదని చదివా. మీ రూమ్‌లో ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు, ఇనప ముక్కలు పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి, నీళ్లు పొయ్యకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద ఏదైనా మెత్తగా పెట్టండి, టైం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. సిగ్నల్ లేని ఊళ్ల సంగతి నాకు తెలుసు, డోలీ కట్టేవాళ్లని ముందే అనుకుని పెట్టుకోండి.

మొన్న సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఈఈజీ కాగితం, నా నోట్‌బుక్ పట్టుకుని వీధి చివర మామ్మ అరుగు మీదే కూర్చున్నా, అందరికీ కనబడేలా. ఆమె పెట్టిన అంబలి తాగా. అమ్మ భయపడింది, తర్వాత తనూ వచ్చి కూర్చుంది. నాన్న ఇంకా రాలేదు.

వచ్చే నెల రెండో వారంలో మళ్లీ కొండ దిగుతున్నా. ఎంఆర్‌ఐ, బీ12, నరాల పరీక్ష మూడూ రాయమని అడుగుతా. కొన్ని పెద్దాసుపత్రుల్లో గిరిజన రోగుల కోసం సెల్ ఉంటదంట, ఎవరైనా పోయి ఉంటే ఏ టైంకి ఉంటారో, కువి వచ్చినవాళ్లు ఉన్నారో లేదో చెప్పండి. అలాగే మీ ఊళ్లో పేరు తెలియని జబ్బుతో ఉన్నవాళ్లు ఉంటే, వాళ్ల పేరు రాయొద్దు, మండలం, వయసు, ఏం జరుగుతుందో, ఎన్నేళ్లుగా అనేది మాత్రం రాయండి. నేను ఒకచోట రాసి పెడతా.